బడి వెనక మడి

ఏడో క్లాసు అయిపోతే సిరిగేరి హైస్కూల్లో చేరాలని నా ఆశ. నాట్ల గుంపులో చేరిన ఆడపిల్ల మళ్ళీ బడి ముఖం చూడదని మా ఊళ్ళో అందరికీ తెలుసు. అందుకే అమ్మ నన్నెప్పుడూ మడిలోకి దించలేదు. ఎవరడిగినా "మా పాపకు నాటేది రాదప్పా" అనేది. పని రానిదాన్ని ఏ గుంపు మేస్త్రీ పిలుస్తాడు? నాకది అప్పట్లో అర్థం కాలేదు, నలుగురిలో సిగ్గుగా ఉండేది.

మాది కన్నడ బడి, మా మిస్ మైసూరు వైపు మనిషి. పుస్తకం మూసేసి పాఠం చెప్పడమంటే ఆమెకు ప్రాణం. కాలువకు నీళ్ళొచ్చిన వారం బడి వెనక, కొళాయి పక్కన, రెండు మంచాలంత మడి కట్టించింది. సబ్జెక్టులన్నీ అందులోనే. తాడు కట్టి జానెడు ఎడంగా నాటితే గుణకారం, వేరు కడిగి చూస్తే సైన్సు, మడికీ నారుకూ కన్నడ పేర్లు రాస్తే భాష. మిగతా పిల్లలకు రోజూ చూసేదే, బురద చల్లుకుని ఆడుకున్నారు. నేను మాత్రం మిస్ చూపించినట్టే తాడు వెంట నాటుకుంటూ పోయాను. "తుంబా చెన్నాగిదె!" అని, ఎంతో బాగుందని ఆమె మురిసిపోయి, వీడియో తీసి పేరెంట్స్ గ్రూపులో పెట్టింది. ఎంత పొంగిపోయానో!

నాన్న దాన్ని టీ హోటల్లో కూర్చున్న వాళ్ళందరికీ చూపించాడు. ఆయన కడుపులో గొప్ప దాగదు. సాయంత్రానికి మేస్త్రీ మా వాకిట్లో ఉన్నాడు.

"రాదంటివే అక్కా? మా గుంపులో పెద్దోళ్ళకే ఇంత నేరుగా రాదు. రేపు పంపు."

"పంపుతాంలేప్పా," అన్నాడు నాన్న.

అమ్మ నన్ను కొట్టలేదు. కొట్టినా బాగుండేది. పొయ్యి ముందు కూర్చోబెట్టి, "ఎందుకు నాటితివి పాపా?" అంది.

"లెక్కల కోసరం మా."

అమ్మ ఏడ్చింది. ఇక బడి లేదని నాకప్పుడు తెలిసింది.

పొద్దున మడిలో ఒక్కొక్కరికి ఒక మునుం ఇచ్చారు, నాటుకుంటూ వెనక్కి పోవాల్సిన పట్టీ. నాది అమ్మ పక్కనే. "వంకరగా నాటు. తేలిపోయేటట్ల నాటు," అని అమ్మ గుసగుసలాడింది. అలాగే నాటాను. నారు నీళ్ళ మీద తేలింది. మేస్త్రీ తిట్టి తరిమేయాలని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. ఆయన నవ్వాడు.

"చిన్నపాప, భయపడినట్లుండాది. రెండు దినాలు పోతే అదే కుదురుతాది."

అమ్మ నడుమెత్తింది. "దాని మునుం గూడా నేనే నాటుతా. ఇద్దరి కూలి వాళ్ళ నాయనకే ఇయ్యి. దాన్ని బడికి పోనీ."

"ఇద్దరి పని ఒక్కదానివి ఎట్ల చేస్తావక్కా?"

"చేయకపోతే అప్పుడు అడుగు."

గట్టు మీద కూర్చున్న నాన్న బీడీ ముట్టించాడు. కూలి తగ్గనప్పుడు ఆయనకేం? నేను కాళ్ళయినా కడుక్కోకుండా బడికి పరుగెత్తాను.

మా క్లాసు కిటికీలోంచి ఆ మళ్ళు కనబడేవి. నాట్లు అయిపోయేదాకా అటు చూస్తూనే పాఠాలు విన్నాను. మధ్యాహ్నం గంట కొట్టేసరికి ఆడవాళ్ళంతా గట్టెక్కి సద్దులు విప్పేవాళ్ళు. అమ్మ ఒక్కతే ఇంకా నీళ్ళలో వంగి, నా మునుం నాటుతూ ఉండేది.