కళ్ళకద్దుకున్న రెండో బేస్

ఆ రోజుల్లో దోహాలో మాకు శాశ్వతమనేది ఏదీ ఉండేది కాదు. తొంభైల నాటి మాట. కంపెనీ వద్దంటే చాలు, పెట్టే బేడా సర్దుకోవడమే. ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో మా పై అంతస్తులో ఉండే నా స్నేహితుడి నాన్నగారికి అలాగే ఉద్యోగం పోయింది. వాడిది హైదరాబాద్, పొడుగు చూసి చార్మినార్ అనేవాళ్ళం. "పొయ్యేలోపు ఒక్క మ్యాచ్ గెలవాల్రా, గంతే" అన్నాడు. మా స్కూల్ బేస్‌బాల్ జట్టు అప్పటికి ఒక్కటీ గెలవలేదు మరి (క్రికెట్ పిల్లలకు ఈ ఆట నేర్పాలని మా అమెరికన్ కోచ్‌కి ఎందుకు బుద్ధి పుట్టిందో!).

పచ్చిక లేని మా మైదానపు గరుకు నేల మీద, బేస్‌కి (పరుగెత్తేవాడు చేరాల్సిన పలకకి) జారుతూ చేరడం నేర్పారాయన. ప్యాంటూ తోలూ రెండూ లేచిపోయేవి. "ఆడుకోమంటే దొర్లొస్తావేంట్రా!" అని అమ్మ మందు రాస్తూ తిట్టేది. జారడానికో నియమం ఉంది: బేస్ దగ్గర బంతి విసరబోయేవాడికి అడ్డుపడితే జారినవాడే కాదు, బంతి కొట్టినవాడు కూడా అవుట్. కోచ్ చెవినిల్లు కట్టుకుని పోరారు గనుక నిద్రలో లేపినా అప్పజెప్పేవాణ్ణి.

చార్మినార్ చివరి మ్యాచ్. స్కోరు సమం, వెలుతురు తగ్గుతోంది. ఇంకా ఇద్దరు అవుటైతే మా బ్యాటింగ్ వంతు ముగుస్తుంది. మూడో బేస్ మీదున్న మావాడు పరుగు పూర్తి చేస్తే గెలుపే. చార్మినార్ బంతి కొట్టాడు. నేను మొదటి బేస్ నుంచి పరిగెత్తి రెండోదానికి చక్కగా, నేరుగానే జారాను. అక్కడున్న అవతలి జట్టు లెబనాన్ అబ్బాయి బంతి అందుకుని, నన్ను అవుట్ చేసి, చార్మినార్‌ని కూడా అవుట్ చేద్దామని మొదటి బేస్‌కి విసరబోయాడు. సరిగ్గా అప్పుడు నా బూటు వాడికి తగిలింది. అంతే, పసితనం నుంచి అమ్మ చేసిన అలవాటు! వాడి మోకాలు పట్టుకుని, ఆ చెయ్యి కళ్ళకద్దుకున్నాను (భక్తిగా, రెండుసార్లు). "యా అఖీ, క్యా హువా?" (ఏమైంది తమ్ముడూ?) అని అరబ్బీ, హిందీ కలిపి అంటూ వాడు బంతితో సహా బిగుసుకుపోయాడు. చార్మినార్ అప్పటికే మొదటి బేస్ మీద చేతులెత్తి గంతులేస్తున్నాడు. అంపైర్‌గా ఉన్న మా కోచ్ మాత్రం, మోకాలు పట్టుకోవడమూ అడ్డుపడటమేనని మా ఇద్దర్నీ అవుటన్నారు. దాంతో మా వంతు ముగిసి, పరుగు చెల్లలేదు. చీకటి పడటంతో ఎవరూ గెలవకుండానే ఆట ఆగిపోయింది.

బస్సులో చార్మినార్ నా పక్కనే కూలబడ్డాడు. "గా లెబనానోని కాళ్ళెందుకు మొక్కినవ్‌రా? నాయి మొక్కకపోతివా, పొయ్యేటోణ్ణి" అన్నాడు. నవ్వుదామనుకున్నాను గానీ వాడి గొంతు విన్నాక ఏడుపొచ్చింది.

వాళ్ళు వెళ్ళిపోయే సాయంత్రం, వ్యాను పక్కన అట్టపెట్టెల మధ్య నిలబడ్డాం. డ్రైవర్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు. చార్మినార్ కావాలనే నా కాలికి కాలు తగిలించాడు. అంత పొడుగు మనిషీ వంగి, నా మోకాలు ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. "ఇద్దరం అవుటేరా" అన్నాడు.

మళ్ళీ వాణ్ణి చూడలేదు. ఇప్పటికీ బస్సులో ఎవరికైనా కాలు తగిలితే నా చెయ్యి దానంతటదే లేస్తుంది. "పర్లేదండీ" అంటారు వాళ్ళు. ఈ పెద్దమనిషి తనలో తను ఎందుకు నవ్వుకుంటున్నాడో వాళ్ళకు తెలియదు.