మెట్ల మీద పెదనాన్న

మా పెదనాన్న రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఇంట్లో ఏది ఆగిపోయినా ఆయన ముందు అడిగే మాట, "లైన్ క్లియరేనా?"

ఆయన కూతురి పెళ్లి చల్లపల్లిలో జరిగింది. కాలు విరిగిన నాయనమ్మ విజయవాడలోనే, మేడ మీద మంచంలో ఉండిపోయింది. మనవరాలి మెడలో తాళి పడటం చూడలేదని ఒకటే బెంగ. అందుకని మేం తిరిగొచ్చాక పెళ్లి వీడియోని కింది గది కంప్యూటర్ నుంచి వైఫైలో ఆమె ముందున్న ల్యాప్‌టాప్‌కి పెట్టాం. సరిగ్గా పెళ్లికొడుకు తాళి ఎత్తేసరికి బొమ్మ ఆగిపోయి, చక్రం తిరగసాగింది.

"లైన్ క్లియరేనా?" అంటూ పెదనాన్న ఇల్లంతా తిరిగి మా డౌన్‌లోడ్లన్నీ ఆపించారు. అయినా చక్రం ఆగలేదు. చివరికి ఇనప బీరువా వెనకున్న రౌటర్‌ని పొడుగు వైర్లతో సహా లాక్కొచ్చి, మెట్ల మధ్యలో నిలబడి నెత్తిమీదకెత్తి పట్టుకున్నారు. పైన భజంత్రీలు మోగాయి!

"నువ్వూ వచ్చి చూడరా!" కేకేసింది నాయనమ్మ.

"నేను కదిలితే ఆగిపోద్దమ్మా! నువ్వు చూడు," అన్నారాయన నవ్వుతూ.

తాళి పడగానే నాయనమ్మ గుప్పెడు అక్షింతలు ల్యాప్‌టాప్ మీద చల్లింది. తర్వాత వాటిని కీల సందుల్లోంచి ఏరుతూ పెదనాన్న మురిసిపోయినంతగా, అసలు పెళ్లిలో కూడా మురిసిపోలేదు.