స్కానింగ్ తేదీ

ఆస్పత్రిలో మా పెద్దమ్మని అందరూ లైనక్క అనేవారు. జీతం లేని ఉద్యోగం ఆవిడది. పొద్దున్నే ఓపీ కిటికీ దగ్గర నిలబడి, సిఫార్సు చీటీలతో ముందుకు దూరేవాళ్ళని మొహమాటం లేకుండా వెనక్కి పంపేది. ఒకసారి పెద్ద ఆఫీసరు బావమరిదినే పంపింది. "రోగానికి హోదా తెలీదండీ, వెనక నిలబడండి," అంది. ఎవరి అండా లేనివాళ్ళకి కూడా అక్కడ వంతు దక్కుతోందంటే ఆవిడ చలవే.

మా అమ్మ ఆవిడకి సొంత చెల్లెలు. అమ్మకి కడుపులో గడ్డ ఉందన్నారు. స్కానింగుకి పదకొండు వారాల తర్వాత తేదీ ఇచ్చారు.

"అక్కా, డాక్టరుగారు నీ మాట కాదనరు. ఒక్క ముక్క చెప్పవే," అంది అమ్మ.

పెద్దమ్మ తేదీ రాసిన చీటీ అందుకుని చూసింది.

"నీకన్నా ముందు చాలామంది ఉన్నారే. రేపు వాళ్ళ మొహం ఎలా చూడను?"

అమ్మ తొమ్మిదో వారంలో పోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దమ్మతో మాటలు మానేశాను.

రెండు వారాలకి, అమ్మ కాగితాల కోసం ఆస్పత్రికి వెళ్ళాను. స్కానింగ్ గది బయట బెంచీ మీద పెద్దమ్మ కూర్చుని ఉంది. చేతిలో అమ్మ చీటీ. తేదీ ఆ రోజుదే. నర్సు అమ్మ పేరు పిలవగానే పెద్దమ్మ లేచింది.

"ఆవిడ రాదమ్మా. ఆలస్యం చెయ్యకుండా వెనకావిడని పిలవండి."

వెనకావిడ లోపలికి వెళ్ళేదాకా తలుపు పట్టుకుని నిలబడింది. తర్వాత ఇటు తిరిగింది గాని, నా మొహం చూడలేకపోయింది.