బొమ్మ తుపాకీలో లేజరు

ఆమెను అందరూ రేడియో అక్క అనేవారు. మూగబోయిన రేడియోలకూ పాటల పెట్టెలకూ ప్రాణం పోయడం ఆమె పని. పక్కవీధిలో తమ్ముడికి బొమ్మల కొట్టుంది. వాడు తెచ్చే ప్లాస్టిక్ తుపాకుల్లో ఎర్ర ఎల్‌ఈడీ దీపాలు అతికించేది ఆమే.

ఒకరోజు వాడు చిటికెనవేలి గోరంత ఇత్తడి గొట్టాలు గుప్పెడు తెచ్చి బల్లమీద పోశాడు.

"ఇకనుంచి ఇవి పెట్టక్కా. గోడమీద చుక్క పడుతుంది, పిల్లలు ఎగబడతారు."

"ఇవి లేజర్లురా."

"రెండూ డయోడ్లేగా. రెండూ ఎర్రగానే వెలుగుతాయి."

ఆమె ఎల్‌ఈడీ వెలిగించి, గోడనుంచి వెనక్కి నడిచింది. నాలుగడుగులకే ఎరుపు పలచబడి మాయమైంది. లేజరు వెలిగిస్తే, గది ఈ చివరనుంచి కూడా గోడమీద చుక్క చుక్కలాగే నిలిచింది.

"చూశావా? దీంట్లో వెలుగు చెదరదు, అంతా ఒకే దారిన పోతుంది. కంట్లో పడితే లోపలి పొరమీద సూదిమొనంత చోట చేరి మాడ్చేస్తుంది. దీని జోరెంతో గొట్టంమీద రాసి కూడా లేదు. నేను పెట్టను."

వాడు సరేలే అని గొట్టాలు ఊడ్చుకుపోయాడు.

కొన్నాళ్ళకు తమ్ముడి కొట్టున్న వీధిలోని దర్జీ తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి, ఒక తుపాకీ బల్లమీద పెట్టాడు. వెలుగు ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దామని ఆ పిల్ల గొట్టానికి కన్ను ఆనించిందట.

"ఆ కంటితో చూస్తే ఎదుటివాళ్ళ మొహం కనపడదంటోంది. లోపల పడ్డ మచ్చ ఇక పోదన్నారు డాక్టరు. మీరే చేశారని కొన్నానమ్మా, మీ తమ్ముడు అలాగే చెప్పాడు."

ఆమె తుపాకీ విప్పింది. తాను అతికించిన దీపాన్ని కత్తిరించి, ఆ చోట ఇత్తడి గొట్టాన్ని జిగురుతో మెత్తారు. ఆమె దర్జీని తీసుకుని తమ్ముడి కొట్టుకు నడిచింది.

తమ్ముడు కొట్లో అన్నం తింటున్నాడు. విషయం విని వేళ్ళు నాక్కున్నాడు.

"ఎండకేసి చూసినా కళ్ళు పోతాయి. సూర్యుడిమీద కేసు పెడతామా?"

"నా పేరెందుకు చెప్పావు?"

"నీ పేరు చెప్తే నమ్ముతారు కదా."

మూతికి మెతుకు అంటుకుని ఉండగానే నవ్వాడు. చిన్నప్పుడు ఆ నోటికి ముద్దలు పెట్టింది తానేనని గుర్తొచ్చి ఆమెకు ఒళ్ళంతా జలదరించింది. కొట్లో ఉన్న తుపాకుల బస్తా ఈడ్చుకుంటూ దర్జీతో కలిసి పోలీసు స్టేషనుకు వెళ్ళింది.

సరుకు పట్టుకుపోయారు, కొట్టు మూయించారు. "తోడబుట్టినవాణ్ణి బజారుకీడుస్తావటే?" అని తల్లి ఏడ్చింది.

"ఆ పిల్లను ఒకసారి చూసొచ్చి మాట్లాడమ్మా," అంది ఆమె. తల్లి వెళ్ళలేదు.

ఆ పిల్ల ఇప్పుడు ఎవరితో మాట్లాడినా బాగున్న కన్ను ముందుకొచ్చేలా తల ఒకపక్కకు తిప్పి మాట్లాడుతుంది. తమ్ముడు ఒకసారి రాజీకని పళ్ళు పట్టుకొచ్చి, గుమ్మం దాటి వచ్చి, వాటిని బల్లమీద పెట్టి, దానికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఆమె తలెత్తలేదు. వాడు విసుగొచ్చి వెళ్ళిపోయాక, పళ్ళు చెత్తకుండీలో పారేసి, వాడి చెయ్యి తగిలిన చోటు సబ్బుపెట్టి తోమింది.