మబ్బు లేని మెరుపు

నాకు మొదటిసారి మెరుపు కనిపించిన సాయంత్రం కల్లంలో ఉన్నాను. దర్శి దగ్గర మా ఊళ్లో మిరపకాయలు ఎండబోసి అప్పటికి వారమైంది. ఇంకో వారం ఆరితే బస్తాలకెత్తడమే. ఉన్నట్టుండి కుడికంటి చివర్న తెల్లటి గీత ఒకటి తళుక్కుమంది. మిరప పండించే వాళ్లకి మెరుపంటే వాన, వానంటే కాయ తడిసి, రంగు పోయి తాలైపోవడం. "ఏమండీ, మెరుస్తోంది! పట్టాలు కప్పండి!" అని కేక పెట్టాను. మా ఆయన, మరిది, తోడికోడలు రమణ పరుగులు పెట్టి కల్లమంతా కప్పేశారు. తీరా తలెత్తి చూస్తే మబ్బు తునక లేదు. చుక్కలు పొడుస్తున్నాయి.

"మీ అక్కకి వాన భయం ముదిరింది రమణా! చుక్కలు కూడా మెరుపుల్లా కనపడతన్నాయి" అన్నాడు మా ఆయన. అందరితోపాటు నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మర్నాడు ఇంట్లో కూర్చున్నా అదే మెరుపు. తల తిప్పినప్పుడల్లా వచ్చేది. మూడో రోజుకి కంటిముందు నల్లటి నలుసులు తేలడం మొదలైంది. ఈగలనుకుని చేత్తో తోలాను. నొప్పి లేదు, ఎరుపు లేదు. కల్లాల రోజుల్లో కంటికి ఏమొచ్చినా మా దగ్గర ఒకటే మాట, ఘాటు తగిలిందని.

"ఘాటేలే అక్కా, చల్లటి పాలల్లో గుడ్డ తడిపి ఏసుకో, తగ్గుద్ది" అంది రమణ. వేసుకున్నాను. చిన్నప్పటినుంచి మైనస్ తొమ్మిది అద్దాలు మోస్తున్నదాన్ని, కంటి సంగతి నాకు తెలియదా అన్న పొగరు కూడా ఉంది. ఒంగోలు వెళ్లి చూపిద్దామా అని మా ఆయన అడిగితే, "కాయ ఎత్తాక పోదాం లెండి" అన్నది నేనే.

ఆరో రోజు రమణా నేనూ ఎదురెదురుగా కూర్చుని తాలు ఏరుతున్నాం. ఎడమకంట్లో దుమ్ము పడితే ఆ కన్ను మూసుకున్నాను. ఒళ్లో కాయలు మాయమయ్యాయి. కుడికంటికి కింద సగమంతా నల్లటి తెర. రమణ తల కనిపిస్తోంది, మెడ కిందినుంచి మనిషి లేదు. "రమణా, నా కన్ను పోతోందే" అని భోరుమన్నాను.

ఒంగోల్లో డాక్టరుగారు చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక లైటు పెట్టి చాలాసేపు చూశారు.

"మెరుపులు మొదలై ఎన్నాళ్లయిందమ్మా?"

"ఆరు రోజులండీ. ఘాటు తగిలిందనుకున్నాం."

"ఘాటుకీ దీనికీ సంబంధం లేదమ్మా. పవర్ ఎక్కువున్నవాళ్లకి రెటీనా, అంటే కంటి వెనక పొర, పల్చగా ఉంటుంది. మొదట్లో అందులో చిన్న టేర్, చిరుగు ఉండి ఉంటుంది, అప్పుడే వస్తే లేజర్‌తో సరిపోయేదేమో. ఇప్పుడు రెటీనల్ డిటాచ్‌మెంట్, పొర ఊడి వచ్చేసింది. రెటీనా చిరిగినా నొప్పి తెలియదు, అదే చిక్కు. ఇవాళే గుంటూరు వెళ్లండి."

పాలగుడ్డ సంగతి మింగేసి గుంటూరు బయలుదేరాను.

గుంటూరులో విట్రెక్టమీ అని, కంటి లోపలి జిగురు తీసేసే ఆపరేషన్ చేసి, పొరని నొక్కిపట్టడానికి కంట్లో గ్యాస్ బబుల్ పెట్టారు. పది రోజులు మొహం కిందికి వంచే ఉండాలన్నారు. తిండి, మాట, ఏడుపు అన్నీ బోర్లానే. మా ఆయన నేలమీద వెల్లకిలా పడుకుని నాతో మాట్లాడేవాడు, నా మొహం చూడాలంటే అదొక్కటే దారి. "ఆ రోజు నవ్వినందుకు నాకీ శిక్ష పడింది లేవే" అనేవాడు. నవ్వబోతే కన్ను లాగేది.

రెండు నెలలకి తెర మళ్లీ దిగింది. ఈసారి గ్యాస్ బదులు సిలికాన్ ఆయిల్ పెట్టాలన్నారు. "పొరని అతికిస్తాం. చూపు ఎంత వస్తుందో మాత్రం మాట ఇవ్వలేనమ్మా" అన్నారు సర్జన్‌గారు. అప్పుడు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. కొన్ని నెలల తర్వాత ఆయిల్ తీశాక గానీ ఆయన నిజమే చెప్పారని తెలియలేదు. ఆ కంటికి ఇప్పుడు మనిషి వచ్చినట్టు తెలుస్తుంది, ఎవరో తెలియదు. గుమ్మాలు వంకరగా కనిపిస్తాయి. ఎడమకంట్లో కూడా పల్చటి చోట్లున్నాయని లేజర్ చేశారు.

ఈ ఏడు మళ్లీ కల్లం. నిజంగానే మబ్బు పట్టింది. మా ఆయనా నేనూ పట్టా చెరో కొస పట్టుకుని లాగుతుండగా మెరిసింది, ఎడమవైపు. పట్టా వదిలేసి రెండు అరచేతులతో కళ్లు కప్పుకున్నాను. ఆ చీకట్లో మళ్లీ మెరిసింది. ఉన్న ఒక్క కన్నూ అదే.

"ఏమండీ, ఇది పైది కాదండీ."

ఆయన పట్టా అక్కడే పడేసి బండి తీశాడు. కాయ తడుస్తుందని నేను వెనక్కి చూస్తుంటే, "పోతే కాయలు పోతాయి, ముందు నువ్వెక్కవే!" అని కసిరాడు. ఒంగోలు చేరేసరికి వాన కుమ్మేస్తోంది. కొత్తగా చిన్న టేర్ పడింది. అప్పటికప్పుడే లేజర్ చేశారు. "ఈసారి టైముకి వచ్చారమ్మా" అన్నారు డాక్టరుగారు. నేను ఆయన బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను.

భయం పోయిందని అబద్ధం చెప్పను. రోజూ లేవగానే ఎడమకంటితో గోడమీది క్యాలెండర్ అంకెలు చదువుకుంటాను. ఏ మూలైనా మసకగా ఉందేమోనని వెతుక్కుంటాను. మీకు చెప్పేది ఒక్కటే. ఉన్నట్టుండి కంటి పక్కన మెరుపు కనిపిస్తే, నొక్కకుండా అరచేతులతో కళ్లు కప్పుకుని చూడండి. ఆ చీకట్లోనూ మెరిస్తే ఆ రోజే రెటీనా డాక్టరుకి చూపించుకోండి. నలుసులో తెరో కనిపిస్తే ఆ పరీక్ష కూడా పెట్టుకోకుండా బయలుదేరండి.

ఆ వానకి మా కాయ చాలా తడిసింది. పది రోజులుగా తాలు ఏరుతున్నాను. ఏ కాయ ఎరుపో, ఏది తెలుపో, ఎడమకంటికి ఇంకా తెలుస్తోంది.