రబ్బరు డాక్టరు

కంప్యూటరు ఏ జబ్బుతో వచ్చినా ఆ రిపేరు షాపతను మెమరీ చిప్పు పీకి, బడిపిల్లల రబ్బరుతో రుద్ది, మళ్ళీ పెడతాడు. అందుకే వీధంతా అతన్ని రబ్బరు డాక్టరు అంటుంది. సగం జబ్బులు నిజంగానే తగ్గడంతో అతనికి గర్వం ముదిరింది.

ఒక ఆదివారం, చిన్నప్పుడు అతనికి పాఠాలు చెప్పిన టీచరమ్మ తన కంప్యూటరు తెచ్చింది. కారు పందెం ఆట, కారు గెలుపు గీత దాటగానే మూసుకుపోతోందట.

"నాలుగింటికి మా వదినతో పోటీరా. ఆట ఆగిపోతే ఓడినట్టే. ఏడాదంతా దెప్పుతుంది."

అతను రుద్దాడు. ఆట మూసుకుపోయింది. ఇంకాస్త గట్టిగా రుద్దాడు. మళ్ళీ అంతే. మూడున్నర అయింది.

టీ తెచ్చిన భార్య తెర వైపు చూసింది. "ఆ మూల ఏదో రాసుంది, చూశారా?"

గెలుపును నమోదు చేసే ఫైలును వైరస్ అనుకుని ఆపేశానని యాంటీవైరస్ ఇందాకటి నుంచి మొత్తుకుంటోంది. అతను ఆ ఫైలుకు అనుమతి ఇచ్చాడు. టీచరమ్మ ఆడి చూసింది. కారు గీత దాటింది, ఆట మూసుకుపోలేదు.

ఆమె చెయ్యి చాచింది. "ఆ రబ్బరిటియ్యి."

"ఎందుకండీ?"

"బళ్ళోనూ ఇంతే. ప్రశ్న చదవకుండానే రాసి, చెరిపేవాడివి."

కంప్యూటరుతో పాటు రబ్బరూ పట్టుకుని ఆమె పోటీకి వెళ్ళిపోయింది.