సమాధుల తోటలో ఆగిపోయిన మిషను

సముద్రానికి గట్టు వేసినవానికి, మట్టిలో కలిసిన తన బిడ్డల్లో ఒక్కరినీ మరువనివానికి స్తోత్రం. మరిచేది మనమే.

ఆ మధ్యాహ్నం అమ్మను నెల్లూరు ఆసుపత్రి నుంచి ఇంటికి కాదు, నేరుగా సమాధుల తోటకే తెస్తున్నారు. "మీ నాయన పక్కనే పెట్టండిరా" అన్నది ఆమె చివరి కోరిక. రొయ్యల గుంటల అవతలి ఆ తోటలో వానలకు గడ్డి నిలువెత్తు లేచింది. నాన్న సిలువ అందులో ఎక్కడుందో తెలియదు.

గుంత తీసేవాళ్ళు గట్టు మీద కూర్చున్నారు. "చోటు చూపించన్నా, తవ్వేస్తాం. ఆ పాముల గడ్డిలోకి మాత్రం దిగం."

సంఘం వాళ్ళ గడ్డి కోసే మిషను తాడు లాగాను. కాసేపు కోసి ఆగిపోయింది. ప్లగ్గు తుడిచాను, ఫిల్టరు దులిపాను. మళ్ళీ అంతే. మిషను చూసుకునే సంఘ పెద్ద నాకు వరసకు మామ. పాత పెట్రోలు పారబోసి, ఆయిలు కలిపిన కొత్తది పోశాడు. ఈసారి బాగా నడిచిందని కళ్ళు తుడుచుకునేలోపే ఆగింది.

"ఏంది మామా ఇది?"

"ఈస్టరుకి ముందు కోసినాం అబ్బయ్యా. పండగయినాక లోపల పెట్టినాం, మళ్ళా బయటికి తీయలా."

తమ్ముడు ఫోను చేశాడు. "కోవూరు దాటినాం. గుంత అయిందా అన్నా?"

ఫోను పెట్టేశాను. మిషను పక్కనే మోకాళ్ళ మీద పడ్డాను. "ప్రభువా, అమ్మ అడిగింది ఇదొక్కటే కదా!"

తల వంచితే పెట్రోలు మూత కళ్ళెదుటే ఉంది. దాని మీద తెల్లగా ఏదో గడ్డకట్టింది. మూత తిప్పగానే బుస్సుమని గాలి లోపలికి పోయింది. వదులుగా ఉంచి తాడు లాగితే నడిచింది. బిగిస్తే కాసేపటికి ఆగింది.

మామ గోటితో గీకి చూశాడు. "మైనం రా! ఈస్టరు తెల్లారి ఇక్కడే చేసిన ఆరాధనలో మీ నాయన సమాధి మీద గాలికి కొవ్వొత్తి నిలవలేదని మీయమ్మ పక్కనున్న దీని మూత మీద అంటించింది. 'మా బావకి మిషను దీపమా అక్కా' అని ఎగతాళి కూడా చేస్తిని."

మూతకుండే సన్నటి గాలి రంధ్రం ఆ మైనంతో పూడిపోయి, లోపలికి గాలి పోక పెట్రోలు ఇంజనుకు దిగడం లేదు. తుమ్మ ముల్లు విరిచి పొడిచాను. మిషను ఇక ఆగలేదు. గట్టు మీద అంబులెన్సు కనిపించేసరికి మిషను చివర గడ్డి కోసే నైలాన్ తీగ సిమెంటుకు తగిలి టపటపలాడింది. నాన్న సిలువ. గుంత తీసేవాళ్ళు పారలు పట్టుకుని లేచారు.

చదివే మీరు కూడా నాతో తల వంచండి: ప్రభువా, మా వాళ్ళు పడుకున్న చోటు మాకు కనిపించని రోజున కూడా నీకు కనిపిస్తుందని నమ్మే బలం మాకివ్వు. ఆమేన్.